పర్యాయనామాల పంపకానికి ఏ ప్రమాణం? జీవజాతుల డేటాబేసు నిర్వాహకులకు ఒక పోలిక

ఒక జీవికి ఒకటికి మించి శాస్త్రీయ నామాలు ఉండడం వర్గీకరణ శాస్త్రంలో కొత్త సంగతి కాదు. రోజ్‌మేరీ మొక్కకు లిన్నేయస్ 1753లో పెట్టిన పేరు రోస్మరైనస్ అఫిసినాలిస్. ఆ ప్రజాతిని సాల్వియాలో కలపాలని 2017లో వెలువడిన ఒక అధ్యయనం ప్రతిపాదించాక, ఆ మాటను అంగీకరించిన డేటాబేసులు ఆ మొక్కను సాల్వియా రోస్మరైనస్ అన్న పేరు కింద నమోదు చేస్తున్నాయి. పాత పేరులోని రెండో పదం కొత్త ప్రజాతిలోకి వెంట రాలేకపోయింది, ఎందుకంటే సాల్వియా అఫిసినాలిస్ అన్న పేరు సేజ్ మొక్కకు అప్పటికే ఉంది. అందువల్ల పాత ప్రజాతి పేరే కొత్త పేరులో జాతి పదంగా మారింది. ఒక హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల నమూనాల భాండాగారం) డేటాబేసులో మొదటి పేరూ, ఒక జన్యుక్రమాల డేటాబేసులో రెండో పేరూ ఉన్నప్పుడు, ఆ రెండూ ఒకే మొక్క గురించి చెబుతున్నాయని అక్షరాలను పోల్చి చూసే ప్రోగ్రామేదీ నమ్మకంగా తేల్చలేదు. ఆ సంగతి తెలిసినవారు యంత్రానికి అర్థమయ్యే రూపంలో చెప్పి ఉండాలి.

అలా చెప్పడానికి ఇప్పుడు కనీసం అరడజను మార్గాలు ఉన్నాయి. డార్విన్ కోర్ పట్టికలు, కేటలాగ్ ఆఫ్ లైఫ్ వారి డేటా ప్యాకేజీ, భావనలకు లేబుళ్లు పెట్టే ఎస్కాస్ పదజాలం, భావనల మధ్య తార్కిక సంబంధాలను యంత్రానికి చెప్పే ఓడబ్ల్యూఎల్ భాష, ఎస్‌ఎస్‌ఎస్‌ఓఎమ్ అనే జతల పట్టిక, వెబ్ పేజీలో పొదిగే జేసన్-ఎల్‌డీ, ఇవి గాక ఎవరికి వారు నడుపుకునే ఏపీఐలు (ఒక ప్రోగ్రాము మరొకదాన్ని నేరుగా ప్రశ్నించే ద్వారాలు). వీటిలో ఏది గొప్పదన్న ప్రశ్నకు సమాధానం దొరకదు గాని, ఏది ఎక్కడ సరిపోతుందో చెప్పవచ్చు. నా మటుకు నేను వీటన్నిటినీ ఒకే గీటురాయి మీద గీసి చూస్తాను. ఒక పేరు మరొక పేరుకు పర్యాయమని అనడం ఎవరో ఒకరు, ఏదో ఒక ఆధారంతో, ఒకానొక కాలంలో తీసుకున్న నిర్ణయం. ఆ మూడింటినీ, అంటే నిర్ణేతనూ ఆధారాన్నీ కాలాన్నీ, పేరుతో పాటు అవతలి ఒడ్డుకు చేర్చగలిగే ప్రమాణం పనికొస్తుంది, దారిలో జారవిడిచేది పనికిరాదు.

మీ దగ్గర ఉన్నది ఏ రకం పర్యాయనామం?

ప్రమాణం ఎంచుకునే ముందు తన పట్టికలో ఉన్నవి ఏ రకం పర్యాయనామాలో నిర్వాహకుడు చూసుకోవాలి. ఈ పనిని దాటవేసి నేరుగా సాంకేతిక చర్చలోకి దిగిన ప్రాజెక్టులు తరువాత వెనక్కి రావలసి వస్తుంది.

రోజ్‌మేరీ ఉదాహరణలో రెండు పేర్లూ ఒకే టైపు నమూనాపై (పేరుకు శాశ్వత ఆధారంగా ఎంచిన నమూనా) ఆధారపడ్డాయి. ఇటువంటివాటిని హోమోటైపిక్ పర్యాయనామాలంటారు. ఆ మొక్కను ఏ ప్రజాతిలో పెట్టాలన్న దానిపై శాస్త్రజ్ఞులు ఎంత వాదించుకున్నా, ఆ రెండు పేర్లకూ మధ్య ఉన్న సంబంధం మారదు. అది నామకరణ నియమాల పరిధిలోని వాస్తవం. తులసి సంగతి వేరు. లిన్నేయస్ 1753లో ఆసిమమ్ టెన్యుయిఫ్లోరమ్ అన్న పేరును, 1767లో ఆసిమమ్ శాంక్టమ్ అన్న పేరును వేర్వేరుగా ప్రచురించాడు. ఆ రెండూ ఒకే జాతి అన్నది తరువాతివారు మొక్కలను పరిశీలించి చేరుకున్న నిర్ణయం, ముందు వచ్చిన పేరుకు ప్రాధాన్యం అన్న నియమం ప్రకారం 1753 నాటి పేరు నిలిచింది. ఇది హెటిరోటైపిక్ పర్యాయనామం. రేపు మరొకరు అవి రెండూ వేర్వేరు జాతులని నిరూపిస్తే ఈ సంబంధం తెగిపోతుంది. అట్లాంటిక్ కాడ్ చేప విషయంలో లిన్నేయస్ 1758 నాటి ఒకే గ్రంథంలో గాడస్ మోర్హువా, గాడస్ కలారియాస్ అన్న రెండు పేర్లు పెట్టాడు. తేదీ చూసి తేల్చడానికి వీలులేని ఇటువంటి చోట, వాటిని మొదట కలిపి ఒకదాన్ని ఎంచుకున్న పరిశోధకుడి మాటే చెల్లుతుందని జంతునామకరణ నియమావళి చెబుతుంది. అంటే ఆ ఎంపిక ఎవరిదన్న సమాచారం పర్యాయనామంలో విడదీయరాని భాగం.

వీటన్నిటికన్నా చిక్కైనది పేరు మారకుండా అర్థం మారడం. ఆఫ్రికా ఏనుగులన్నిటినీ లాక్సొడోంటా ఆఫ్రికానా అనే ఒకే జాతిగా లెక్కించడం చాలాకాలం సాగింది. 2021లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య తన ఎర్రజాబితాలో అడవి ఏనుగును లాక్సొడోంటా సైక్లోటిస్‌గా విడదీసి, రెండింటినీ వేర్వేరుగా అంచనా వేసింది. ఇప్పుడు పాత పట్టికలో కనబడే లాక్సొడోంటా ఆఫ్రికానా, కొత్త పట్టికలో కనబడే లాక్సొడోంటా ఆఫ్రికానా అక్షరం అక్షరం ఒకటే అయినా, మొదటిది రెండు రకాల ఏనుగులను సూచిస్తే రెండోది ఒక్కదాన్నే సూచిస్తుంది. పేర్లను మాత్రమే పంచుకునే ఏ వ్యవస్థలోనూ ఈ తేడా కనబడదు.

ఇక పొరపాటున అన్వయించిన పేర్లు ఉంటాయి. వాటిని పర్యాయనామాలుగా లెక్కించకూడదు గాని, పట్టికల్లో అవి పర్యాయనామాల మధ్యనే దాక్కుంటాయి. వేర్వేరు నియమావళుల కింద ఒకే పేరు రెండు జీవులకు ఉండడమూ మామూలే: మోరస్ అంటే వృక్షశాస్త్రంలో మల్బరీ, జంతుశాస్త్రంలో గన్నెట్ అనే సముద్రపక్షి. పేరుతో పాటు ఏ నియమావళి అన్నది పంపకపోతే పక్షి పరిశీలనలు చెట్ల పటంలోకి చేరతాయి.

నియమావళి గురించి మరొక మాట చెప్పాలి, ఎందుకంటే ఇది ఎంతటి అనుభవజ్ఞులనైనా తికమక పెడుతుంది. జంతునామకరణంలో వ్యాలిడ్ నేమ్ అంటే ప్రస్తుతం ఆమోదించిన పేరు. వృక్షనామకరణంలో వ్యాలిడ్ అన్న మాటను నియమాల ప్రకారం ప్రచురించిన ప్రతి పేరుకూ వాడతారు, ఆ పేరు పర్యాయనామమైనా సరే. ఒకవైపు జంతువులు, మరొకవైపు మొక్కలు ఉన్న ఉమ్మడి పట్టికలో స్థితి అన్న కాలమ్ కింద వ్యాలిడ్ అని రాసి పంపితే, అందుకున్నవారు సగం వరుసలను తప్పుగా అర్థం చేసుకోవడం ఖాయం. ఆమోదితం అనే మాట ఈ విషయంలో భద్రమైనది.

పట్టికల మార్గం: డార్విన్ కోర్, కోల్‌డీపీ

జీవవైవిధ్య సమాచార ప్రమాణాలను రూపొందించే టీడీడబ్ల్యూజీ సంస్థ డార్విన్ కోర్‌ను 2009లో ప్రమాణంగా ఆమోదించింది. ఇందులో ఒక్కో పేరుకు ఒక్కో వరుస ఉంటుంది. పర్యాయనామం ఉన్న వరుసలో యాక్సెప్టెడ్ నేమ్ యూసేజ్ ఐడీ అన్న కాలమ్ ఆమోదిత నామం ఉన్న వరుసను చూపుతుంది; ఒరిజినల్ నేమ్ యూసేజ్ ఐడీ ఆ పేరు తొలిసారి ఏ రూపంలో ప్రచురితమైందో చెబుతుంది; నేమ్ అకార్డింగ్ టు అన్న కాలమ్‌లో ఆ నిర్ణయం ఎవరిదో రాయవచ్చు. ఇటువంటి పట్టికలను, వాటి కాలమ్‌ల వివరణ ఉన్న ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలుతో కలిపి జిప్‌గా కడితే డార్విన్ కోర్ ఆర్కైవ్ అవుతుంది. ప్రపంచ జీవవైవిధ్య డేటా వేదిక జీబీఐఎఫ్ దాన్ని నేరుగా స్వీకరిస్తుంది. స్ప్రెడ్‌షీట్ తెలిసిన ఎవరైనా దాన్ని తయారు చేయగలరు, ఇది చిన్న సుగుణమేమీ కాదు.

అయితే ఇందులో పేరు, ఆ పేరు సూచించే టాక్సాన్ (వర్గీకరణలో ఒకటిగా లెక్కించే జీవుల సమూహం) రెండూ ఒకే వరుసలో కలిసిపోతాయి. ఏనుగు వంటి విభజనల్లో ఒక పాత పేరు పాక్షికంగా ఒక కొత్త జాతికీ, పాక్షికంగా మరొక దానికీ పర్యాయమైనప్పుడు, ఒక గడిలో ఒకే ఐడీ అన్న అలవాటు అడ్డుపడుతుంది. వరుసను రెండుసార్లు రాసేవారు కొందరు, గడిలో రెండు ఐడీలను నిలువు గీతతో విడదీసి రాసేవారు కొందరు, దీనిని ఎలా చదవాలన్నది అందుకున్నవారి ఊహకు వదిలేస్తారు. స్థితిని తెలిపే కాలమ్‌కు కట్టుదిట్టమైన పదజాలం లేకపోవడం మరో లోటు. నిర్దిష్ట పదజాలం వాడమని ప్రమాణం సలహా ఇస్తుంది గాని నిర్బంధించదు, కనుక ఒకరు సినోనిమ్ అని, ఒకరు జూనియర్ సినోనిమ్ అని, మరొకరు అదే మాటను కుదించి పొట్టిగా రాస్తారు.

కేటలాగ్ ఆఫ్ లైఫ్ రూపొందించిన డేటా ప్యాకేజీని వాడుకలో కోల్‌డీపీ అంటారు. ఇక్కడ పేర్లకు ఒక ఫైలు, టాక్సాన్‌లకు ఒక ఫైలు, పర్యాయనామాలకు వేరొక ఫైలు ఉంటాయి. పర్యాయనామాల ఫైలులోని ప్రతి వరుస ఒక పేరును ఒక టాక్సాన్‌కు కలుపుతుంది, అందువల్ల ఒకే పేరు రెండు టాక్సాన్‌లకు పాక్షిక పర్యాయమైతే రెండు వరుసలు రాస్తే సరిపోతుంది, ఎవరూ ఊహించవలసిన పని ఉండదు. స్థితికి ఆమోదితం, తాత్కాలికంగా ఆమోదితం, పర్యాయనామం, సందిగ్ధ పర్యాయనామం, పొరపాటు అన్వయం అన్న నిర్దిష్ట విలువలున్నాయి. పేర్ల మధ్య సంబంధాలకు వేరే ఫైలు ఉంది కనుక, హోమోటైపిక్ అన్నది పేరుకు సంబంధించిన వాస్తవంగా ఒకచోట, హెటిరోటైపిక్ అన్నది వర్గీకరణ నిర్ణయంగా మరొకచోట నిలుస్తాయి. అంతేకాక, రెండు టాక్సాన్‌లు సమానమా, ఒకటి మరొక దానిలో భాగమా, కొంత మేర అతివ్యాపిస్తాయా అన్నది చెప్పడానికీ ఒక ఫైలు కేటాయించారు. ఏనుగు సమస్యను పట్టికల్లోనే ఇంత సూటిగా చెప్పగలిగిన మరో మార్గం నాకు కనబడలేదు.

కోల్‌డీపీలో ఇబ్బంది ఏమిటంటే దాన్ని చదివే ఉపకరణాలు డార్విన్ కోర్‌తో పోలిస్తే తక్కువ. పరిశీలనలు, సేకరణలు, నమూనాల సమాచారం కూడా అదే సంచిలో పంపాలనుకుంటే డార్విన్ కోర్ వైపే మొగ్గాలి. కేవలం పేర్లు, వర్గీకరణ మాత్రమే పంపేవారికి కోల్‌డీపీ మేలు. రెండింటినీ ఇవ్వగలిగితే మంచిదే, కాని లోపల ఉన్న అసలు నిల్వ కోల్‌డీపీ నమూనాకు దగ్గరగా ఉండి, దానినుంచి డార్విన్ కోర్‌ను తయారు చేయాలి. విడిగా ఉన్న రెండు విషయాలను కలపడం తేలిక, ఒకసారి కలిపేసినవాటిని విడదీయడం దుస్సాధ్యం.

ఏ పట్టికను పంపినా ముందు ఒక తనిఖీ తప్పనిసరి. ప్రతి పర్యాయనామం చూపించే ఐడీ నిజంగా ఆమోదిత నామం ఉన్న వరుసకే చేరుతోందా అని చూడాలి. ఒక పర్యాయనామం మరొక పర్యాయనామాన్ని చూపి, అది తిరిగి మొదటిదాన్ని చూపే గుండ్రటి గొలుసులు ఎంత జాగ్రత్తగా నడిపే డేటాబేసులోనైనా అప్పుడప్పుడు దొరుకుతాయి. అలాగే సంకర జాతులకు వాడే గుణకార చిహ్నం కొన్ని వరుసల్లో నిజమైన చిహ్నంగానూ, కొన్నింట్లో ఎక్స్ అక్షరంగానూ ఉంటే, ఒకే పేరు రెండు పేర్లుగా లెక్కకు వస్తుంది.

అనుసంధాన డేటా మార్గం: ఎస్కాస్, ఓడబ్ల్యూఎల్

పట్టికను మొత్తంగా దింపుకోవాలి. అలా కాకుండా ఒక డేటాబేసులోని ఒక పేరును మరొక డేటాబేసులోని ఒక పేరుతో వెబ్ మీదనే ముడివేయాలంటే ఆర్‌డీఎఫ్ (వెబ్ చిరునామాల మధ్య సంబంధాలను చెప్పే డేటా నమూనా) కావాలి. ఇక్కడ ఎక్కువగా వినబడేది ఎస్కాస్; వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ దీన్ని 2009 ఆగస్టులో సిఫారసుగా ప్రకటించింది. గ్రంథాలయాల విషయసూచికల కోసం పుట్టిన ఈ పదజాలంలో ప్రతి భావనకూ ఒక్కో భాషలో ఒకే ప్రధాన లేబుల్, ఎన్నైనా ప్రత్యామ్నాయ లేబుళ్లు ఉండవచ్చు. ఆమోదిత నామాన్ని ప్రధాన లేబుల్‌గా, పర్యాయనామాలను ప్రత్యామ్నాయ లేబుళ్లుగా పెడితే పని అయిపోయిందనిపిస్తుంది.

వెతుకులాట పెట్టె కోసమైతే నిజంగానే అయిపోయింది. శాస్త్రీయ మార్పిడికి మాత్రం అది చాలదు. లేబుల్ అంటే ఒట్టి అక్షరాల వరుస. దానికి నామకర్తను గాని, ప్రచురణ సంవత్సరాన్ని గాని, పర్యాయమని ఎవరన్నారన్న ఆధారాన్ని గాని తగిలించడానికి కొక్కెం లేదు. ఎస్కాస్-ఎక్స్‌ఎల్ అనే విస్తరణలో లేబుల్‌కే సొంత చిరునామా ఉంటుంది కనుక ఆ లోటు కొంత తీరుతుంది. అంతకన్నా శుభ్రమైన పద్ధతి పేరును ఒక వస్తువుగా, టాక్సాన్‌ను వేరొక వస్తువుగా ప్రకటించడం. ఫ్రాన్స్ జాతీయ సహజ చరిత్ర మ్యూజియం నిర్వహించే టాక్స్‌రెఫ్ పట్టికను అనుసంధాన డేటాగా మలిచినప్పుడు, పేర్లను ఎస్కాస్ భావనలుగా, టాక్సాన్‌లను ఓడబ్ల్యూఎల్ తరగతులుగా విడదీశారు; ప్రతి టాక్సాన్‌కు ఒక ఆధార నామం, దానితో పాటు పర్యాయనామాలు ఉంటాయి. వర్గీకరణ మారినప్పుడు పేర్ల చిరునామాలు చెక్కుచెదరకుండా, వాటిమధ్య గీతలు మాత్రమే మారతాయి. అనుసంధాన డేటా వైపు వెళ్లాలని గట్టిగా నిర్ణయించుకున్నవారు కొత్త నమూనాను కనిపెట్టే ముందు దీన్ని చదవడం మంచిది.

ఇప్పుడు రెండు డేటాబేసుల మధ్య ముడి సంగతి. ఓడబ్ల్యూఎల్‌లో సేమ్‌యాజ్ అనే సంబంధం ఉంది. రెండు చిరునామాలూ ఒకే వస్తువును సూచిస్తాయని అది యంత్రానికి చెబుతుంది, ఆపై ఒకదాని గురించి తెలిసిన ప్రతి వాక్యం రెండోదానికీ వర్తిస్తుందని యంత్రం తీర్మానించుకుంటుంది. పర్యాయనామాలకు దీన్ని వాడడం పెద్ద తప్పు. సాల్వియా రోస్మరైనస్ అన్న పేరు, రోస్మరైనస్ అఫిసినాలిస్ అన్న పేరు ఒకే మొక్కకు చెందవచ్చు గాని, ఆ రెండు పేర్లూ ఒకే పేరు కావు. వాటి ప్రచురణ తేదీలు వేరు, నామకర్తలు వేరు. సేమ్‌యాజ్ రాసిన మరుక్షణం ఒకే పేరుకు రెండు ప్రచురణ తేదీలు వచ్చి చేరతాయి.

అందుకని చాలామంది, రెండు భావనలూ కచ్చితంగా సరిపోతాయని చెప్పే ఎస్కాస్‌లోని ఎగ్జాక్ట్‌మ్యాచ్‌ను ఆశ్రయిస్తారు. అది అంత ప్రమాదకరం కాకపోయినా పూర్తిగా నిరపాయకరమూ కాదు, ఎందుకంటే ఆ సంబంధం ఒకదానినుంచి మరొకదానికి పాకుతుంది. ఒక పాత డేటాబేసులోని విస్తృత అర్థం ఉన్న లాక్సొడోంటా ఆఫ్రికానాను కొత్త డేటాబేసులోని లాక్సొడోంటా ఆఫ్రికానాతో ఒకరు ఎగ్జాక్ట్‌మ్యాచ్‌గా కలిపారనుకుందాం. అదే పాత భావనను మరొకరు లాక్సొడోంటా సైక్లోటిస్‌తో కలిపారనుకుందాం. ఇద్దరూ విడివిడిగా చేసినది చిన్న అజాగ్రత్తే. యంత్రం మాత్రం ఆ రెంటినీ గొలుసుకట్టి, విడదీయడానికి ఏళ్లు పట్టిన రెండు ఏనుగు జాతులను తిరిగి ఒకటి చేస్తుంది. ఇటువంటి చోట పాత భావననుంచి కొత్తవాటికి నేరోమ్యాచ్ (ఇరుకైన అర్థం), కొత్తవాటినుంచి పాతదానికి బ్రాడ్‌మ్యాచ్ (విస్తృత అర్థం) రాయాలి. పరిధి సరిగ్గా తెలియనప్పుడు క్లోజ్‌మ్యాచ్ (దగ్గరి పోలిక) రాయాలి. అది గొలుసుగా పాకదు కనుక తప్పు జరిగినా అక్కడికక్కడే ఆగుతుంది. నా సలహా ఒక్కటే: మానవ పరిశీలకుడు రెండు వర్గీకరణలనూ ఎదురెదురుగా పెట్టి చూసిన జతకు మాత్రమే ఎగ్జాక్ట్‌మ్యాచ్ రాయండి, మిగిలినవాటికి క్లోజ్‌మ్యాచ్ చాలు.

ఓడబ్ల్యూఎల్ తరగతులు, రీజనర్‌లు (తార్కిక నిర్ధారణలు చేసే ప్రోగ్రాములు), ఆర్‌డీఎఫ్ డేటాను ప్రశ్నించే స్పార్క్ల్ సర్వర్ ఇవన్నీ నడపడానికి ఓర్పు, డబ్బు, అర్థం చేసుకున్న మనిషి ఒకరు నిరంతరం కావాలి. ఆ మనిషి మరో ఉద్యోగానికి వెళ్లిన నాటినుంచి సర్వర్ మౌనం వహించడం ఈ రంగంలో తరచూ కనబడే దృశ్యం. చిన్న బృందాలకు సర్వర్ నడపడంకన్నా టర్టిల్ అనే ఆర్‌డీఎఫ్ రాత రూపంలో ఒక ఫైలును తయారుచేసి దింపుకోవడానికి పెట్టడం మేలు.

జతల పట్టిక: ఎస్‌ఎస్‌ఎస్‌ఓఎమ్

రెండు డేటాబేసుల మధ్య ముడులను మాత్రమే పంచుకోవాలంటే, పట్టికల సౌలభ్యాన్నీ అనుసంధాన డేటా స్పష్టతనూ కలిపిన మార్గం ఇది. ఇదొక సాధారణ ట్యాబ్ ఫైలు. ఒక కాలమ్‌లో మీ ఐడీ, ఒకదానిలో అవతలివారి ఐడీ, మధ్యలో సంబంధం, ఆ పక్కన ఆ జత ఎలా కుదిరిందో చెప్పే కారణం తప్పనిసరిగా ఉంటాయి. కారణం తప్పనిసరి కావడమే దీని విలువ. అక్షరాల పోలికతో యంత్రం కలిపిందా, నిపుణుడు చూసి కలిపాడా అన్నది ప్రతి వరుసలో రాయాల్సిందే. ఎవరు కలిపారు, ఏ తేదీన, ఎంత నమ్మకంతో అన్నవాటికీ చోటుంది. ఈ రెండూ కలవవు అని నిశ్చయంగా చెప్పే వీలు కూడా ఉంది. ఒకసారి నిపుణుడు తోసిపుచ్చిన జతను యంత్రం ప్రతి నెలా మళ్లీ ముందుకు తెచ్చే చాదస్తానికి ఇది మంచి మందు. మొదట్లో చెప్పిన గీటురాయి మీద అన్నిటికన్నా మెరుగ్గా మెరిసినది ఇదే. అయితే ఇది ముడుల పట్టిక మాత్రమే, పేర్ల పట్టిక కాదు. పేర్ల వివరాలు వేరేచోట, స్థిరమైన ఐడీలతో, ముందే ఉండాలి.

ఐడీలు: ఎల్‌ఎస్‌ఐడీయా, వెబ్ చిరునామాయా?

పై మార్గాలన్నీ ఐడీలు నిలకడగా ఉంటాయన్న నమ్మకం మీద నిలబడ్డాయి. రెండువేల దశకంలో ఈ రంగం ఎల్‌ఎస్‌ఐడీలను ఎంచుకుంది. యూఆర్ఎన్‌తో మొదలై, జారీ చేసిన సంస్థ, పేర్ల సముదాయం, సంఖ్య అన్న క్రమంలో సాగే పొడవైన గుర్తింపు ఇది. వృక్షనామాల సూచిక ఐపీఎన్ఐ, జంతునామాల నమోదు వేదిక జూబ్యాంక్, శిలీంధ్రాల సూచిక ఇండెక్స్ ఫంగోరమ్, సముద్రజీవుల పట్టిక వోర్మ్స్ దీన్ని వాడుతున్నాయి. వోర్మ్స్‌లో అట్లాంటిక్ కాడ్ సంఖ్య 126436. దాని ఎల్‌ఎస్‌ఐడీ చివర కనబడేది అదే. సంస్థ పేరు, సర్వర్ చిరునామా మారినా గుర్తింపు మారకూడదన్న ఆలోచన మంచిదే. కాని బ్రౌజర్‌లో దాన్ని అతికిస్తే ఏమీ తెరుచుకోదు, దాన్ని విప్పడానికి ప్రత్యేక ఏర్పాటు కావాలి.

కొత్తగా మొదలుపెట్టేవారు మామూలు వెబ్ చిరునామాలనే ఐడీలుగా ఎంచుకోవాలి. ఒకే చిరునామా బ్రౌజర్‌కు పేజీనీ, యంత్రానికి ఆర్‌డీఎఫ్ లేదా జేసన్-ఎల్‌డీనీ ఇచ్చేలా సర్వర్‌ను అమర్చడం ఇప్పుడు కష్టమేమీ కాదు. ఇప్పటికే ఎల్‌ఎస్‌ఐడీలు జారీ చేసినవారు వాటిని తీసివేయకూడదు. ముద్రిత పత్రికల్లోకి ఎక్కిన గుర్తింపులవి. వాటిని అలాగే ఉంచి, పక్కన వెబ్ చిరునామాను జోడించాలి. ఒక జాగ్రత్త మాత్రం అవసరం: చిరునామాలో జాతి పేరును పెట్టవద్దు. పేరు మారిన రోజున చిరునామా అబద్ధమవుతుంది. ఏడిస్ ఈజిప్టై దోమ ప్రజాతిని 2004లో స్టెగోమియాగా మార్చాలన్న ప్రతిపాదన వచ్చింది, 2015లో మరొక బృందం పాత విస్తృత ప్రజాతికే తిరిగి వెళ్లాలని వాదించింది. పేరు ఆధారంగా చిరునామాలు కట్టుకున్నవారు ఆ రాకపోకలన్నిటికీ తలుపులు మార్చుకుంటూ కూర్చోవలసి వస్తుంది.

ఏపీఐ, వెబ్ పేజీలోని జేసన్-ఎల్‌డీ

వీటి గురించి క్లుప్తంగా చెబితే చాలు. వోర్మ్స్ ఏపీఐ ఒక పేరు గురించి అడిగితే దాని స్థితి, ఆమోదం లేకపోవడానికి కారణం, ఆమోదిత నామం సంఖ్య అన్నీ జేసన్‌లో ఇస్తుంది. జీబీఐఎఫ్ ఏపీఐ అక్షరాల్లో చిన్న తేడాలున్న పేర్లను కూడా పోల్చి, అది కచ్చితమైన పోలికా, ఉజ్జాయింపా, పై స్థాయి వర్గంతో మాత్రమే కుదిరిందా అన్నది తెలుపుతుంది. ఒక్కో పేరును వెతికి సరిచూసుకోవడానికి ఇవి అమూల్యం. పంపకానికి మాత్రం ఇవే చాలవు, ఎందుకంటే ఏపీఐ ఈ రోజు ఇచ్చే జవాబే రేపూ ఇస్తుందన్న హామీ లేదు, ఒక పరిశోధన ఏ రోజు నాటి వర్గీకరణ మీద నిలబడిందో తరువాత తేల్చడం అసాధ్యమవుతుంది. బయోస్కీమాస్ అనే జీవశాస్త్ర పేజీల పదజాలంతో పేజీలో పొదిగే జేసన్-ఎల్‌డీలో ఆమోదిత నామం, ప్రత్యామ్నాయ శాస్త్రీయ నామం అన్న లక్షణాలున్నాయి. శోధన యంత్రాలకు పేజీని పరిచయం చేయడానికి అవి చాలు, అంతకుమించి వాటిమీద భారం వేయకూడదు.

ఎవరు ఏది ఎంచుకోవాలి?

ఒకే జీవ సమూహంపై పనిచేసే ఒకరిద్దరు నిపుణుల పట్టికకు కోల్‌డీపీ, స్థిరమైన వెబ్ చిరునామాలు, ప్రతి విడుదలకు ఒక సంఖ్య సరిపోతాయి. దాన్ని కేటలాగ్ ఆఫ్ లైఫ్ వారి చెక్‌లిస్ట్‌బ్యాంక్‌లోకి ఎక్కిస్తే ఇతర రూపాల్లోకి మార్చే బాధ్యత కూడా చాలావరకు తప్పుతుంది. హెర్బేరియం లేదా మ్యూజియం వంటి చోట నమూనాల సమాచారమే ప్రధానం కనుక డార్విన్ కోర్ తప్పదు, అయితే నేమ్ అకార్డింగ్ టు అన్న కాలమ్‌ను ఖాళీగా వదిలే అలవాటును మానుకోవాలి. జన్యుక్రమాల డేటాబేసు తన జాతుల సంఖ్యలను వర్గీకరణ డేటాబేసులతో కలపాలనుకుంటే ఎస్‌ఎస్‌ఎస్‌ఓఎమ్ జతల పట్టికను ఎంచుకోవాలి; అమెరికాలోని జన్యుక్రమాల డేటాబేసు సంస్థ ఎన్‌సీబీఐ తన వర్గీకరణ పట్టికను నామకరణంలో ప్రామాణిక ఆధారంగా తీసుకోవద్దని తానే చెబుతుంది గనుక, అందులోని పర్యాయనామాలను తెచ్చి ఆమోదిత నిర్ణయాలుగా పేర్చడంకన్నా ముడులను మాత్రమే తీసుకోవడం సబబు. జాతీయ స్థాయి పట్టికలు, చట్టపరమైన రక్షణ జాబితాలతో ముడిపడినవి, వర్గీకరణ మార్పు వల్ల ఒక జాతి రక్షణ కోల్పోయే ప్రమాదం ఉన్నవి, పేరునూ టాక్సాన్‌నూ వేరుచేసే అనుసంధాన డేటా ఖర్చును భరించాలి.

వికీడేటాను విడిగా ప్రస్తావించాలి. అక్కడ టాక్సాన్ పేరు, టాక్సాన్ పర్యాయనామం అన్న లక్షణాలతో పాటు జీబీఐఎఫ్, ఎన్‌సీబీఐ, వోర్మ్స్ సంఖ్యలకు చోటుంది కనుక, ఐడీల కూడలిగా అది బాగా పనికొస్తుంది. ఎవరైనా మార్చగలిగే చోటు కాబట్టి పర్యాయ నిర్ణయాలకు అదే తుది ఆధారమని భావించకుండా, ఇతర చోట్లకు దారి చూపే చౌరస్తాగా వాడుకోవాలి.

ఇక లైసెన్సు సంగతి. పేర్లు, వాటి సంబంధాలు వాస్తవాలే అయినా, సంకలనానికి షరతులు పెట్టేవారున్నారు. వాణిజ్యేతర ఉపయోగానికి మాత్రమే అన్న షరతు పెట్టిన పట్టికను అన్ని షరతులూ వదులుకున్న సీసీ జీరో పట్టికతో కలిపితే, ఆ మిశ్రమాన్ని ఎవరు ఎలా వాడుకోవచ్చో ఎవరికీ తెలియని పరిస్థితి వస్తుంది. కనుక లైసెన్సును ఫైలు లోపలే, యంత్రం చదవగలిగే చోట రాయాలి.

రెండు పేర్లను ఒకటిగా కలిపిన తరువాత పాత ఐడీని ఏం చేయాలన్నది ఏ ప్రమాణం ఎంచుకున్నా తప్పని ప్రశ్న. ఆ సంఖ్యను ఎప్పటికీ మరో పేరుకు కేటాయించకూడదు. కలిసిపోయినదైతే పాత చిరునామా కొత్తదానికి శాశ్వతంగా దారిమళ్లించాలి. పూర్తిగా తొలగించినదైతే ఏమీ చెప్పకుండా దొరకలేదనే బదులు, తొలగించామని 410 సంకేతంతో చెప్పాలి. ఎన్‌సీబీఐ తన వర్గీకరణ ఫైళ్లతో పాటు కలిసిపోయిన సంఖ్యలకు ఒకటి, తొలగించిన సంఖ్యలకు ఒకటి, రెండు చిన్న ఫైళ్లను విడిగా ఇస్తుంది. వాటిని తయారుచేయడానికి పట్టే శ్రమ కొద్దిపాటిది. ఆ సంఖ్యలను తన ప్రయోగ ఫలితాల్లో రాసుకున్న పరిశోధకుడికి పదేళ్ల తరువాత ఆ ఫైళ్లే దిక్కవుతాయి.